టాగ్లిష్, కోన్యో

ఫిలిప్పీన్స్‌లో, ముఖ్యంగా మెట్రో మనీలాలో, తగలాగ్, ఇంగ్లీషు కలగలిపి మాట్లాడే వాడుకను టాగ్లిష్ అంటారు. అమెరికా పాలనలో, 20వ శతాబ్దం ఆరంభంలోనే, బడుల్లో ఇంగ్లీషు బోధనభాష కావడం దీనికి మూలం. 1987 రాజ్యాంగం ప్రకారం తగలాగ్ ఆధారంగా ఏర్పడిన ఫిలిపినో, ఇంగ్లీషు రెండూ అధికార భాషలే. టీవీలో, ప్రకటనల్లో, ఆఫీసుల్లో అంతటా వినిపించే టాగ్లిష్ ఏ ఒక్క వర్గం సొత్తూ కాదు.

మాట్లాడేవారి అంతస్తును పట్టించేది కలిపే తీరు. సంపన్న కుటుంబాల, ఖరీదైన ప్రైవేటు విద్యాసంస్థల యువతకు ఆపాదించే యాస కోన్యో. ‘మేక్’ అన్న ఇంగ్లీషు క్రియకు తగలాగ్ ధాతువును తగిలించడం దాని ఆనవాలు. చేప ఉండలను పుల్లతో గుచ్చుకు తిందామనడానికి ‘లెట్స్ మేక్ తుసోక్ తుసోక్ ద ఫిష్‌బాల్స్’ అనడం అందరూ చెప్పే ఉదాహరణ. బండి మీది చిరుతిండి గురించి దొరబిడ్డలు ఇలా ముద్దుగా పలకడంలోనే ఉంది హాస్యమంతా. నిజమైన సంభాషణలో ఇంత అతి అరుదు.

ఈ అంతస్తుల నిచ్చెన కింది మెట్టున జెజెమోన్‌ను నిలబెట్టారు. సెల్‌ఫోన్ సందేశాల్లో అక్షరాలనూ అంకెలనూ గజిబిజిగా కలిపి రాసే ఈ పద్ధతిని 2010లో విద్యాశాఖ తప్పుపట్టింది. కోన్యోకు పరిహాసంతో పాటు కాస్త అసూయా దక్కింది. జెజెమోన్‌కు ఈసడింపే మిగిలింది.