చెన్నపట్టణపు చదువు - దాని దారులు



విశ్వవిద్యాలయ మనగానే మనకు ఎత్తైన భవనములు, గ్రంథాలయములు, పట్టములు జ్ఞప్తికి వచ్చును. పల్లెనుండి బయలుదేరు బాలునికి మాత్రము మొదట తోచు ప్రశ్నలు వేఱు. అచ్చటికి పోవు టెట్లు? ఎవరి యింట భుజింపవలెను? ఎచ్చట పండుకొనవలెను? బసనుండి కళాశాలకు నడువవలెనా, బండి యెక్కవలెనా? ఈ ప్రశ్నలకు మన తెలుగువారు చెన్నపట్టణమున కనుగొనిన సమాధానములే నేటి నా ప్రసంగవిషయము.

చెన్నపురి విశ్వవిద్యాలయము 1857వ సంవత్సరమున, కలకత్తా బొంబాయి విశ్వవిద్యాలయములతోపాటు స్థాపింపబడెను. మొదట నది పరీక్షలు జరిపి పట్టము లొసగు సంస్థయే. పాఠములు చెప్పుట కళాశాలల పని. రాజమహేంద్రవరమునను బందరునను కళాశాలలుండుటచే మనవారు కొంతవఱకు అచ్చటనే చదివిరి. కాని ఆ శతాబ్దమున న్యాయశాస్త్రమునకును వైద్యమునకును చెన్నపట్టణమే శరణ్యము. రాజధాని కళాశాల 1870లో సముద్రతీరమునకు చేరెను. దాని చెంతనే విశ్వవిద్యాలయపు సెనేటు భవనము 1879 నాటికి పూర్తియయ్యెను.

ఇక దారి సంగతి. చెన్నపట్టణమునుండి ఉత్తరముగా ఎన్నూరు వఱకు 1806లో ఒక కాలువ త్రవ్వబడెను. అది క్రమముగా పొడిగింపబడి, పెదగంజామువద్ద కృష్ణా కాలువలతో కలిసెను. బకింగుహాము కాలువ యని మనము పిలుచునది యిదియే. కృష్ణాతీరమున పడవ యెక్కినవాడు నీటిమీదనే చెన్నపట్టణము చేరగలిగెను. వడ్లు, ఉప్పు, వంటచెఱకు, మనుష్యులు అన్నియు ఆ త్రోవనే సాగెను. గాలి అనుకూలింపనప్పుడు పడవవాండ్రు గట్టున నడచుచు త్రాడుతో లాగెడివారు. అట్టి ప్రయాణమునకు దినములు లెక్కపెట్టుకొనుటే గాని గంటలు లెక్కపెట్టుట లేదు. 1899లో బెజవాడ చెన్నపట్టణముల నడుమ ఇనుపదారి పడిన పిమ్మట దినముల ప్రయాణము గంటలకు దిగెను.

పట్టణము చేరినంతమాత్రమున కష్టము తీరదు. పేదవిద్యార్థికి మన దేశమున వారములు చేసికొని చదువుకొను ఆచారము పూర్వమునుండి కలదు. ఆదివార మొకరి యింట, సోమవారము మఱియొకరి యింట భోజనము. ఎవరి యింటనైన వారము తప్పెనా, ఆనాడు పస్తే. వారములిచ్చు ఇండ్లొకచోట, కళాశాల యింకొకచోట ఉండుటచే కాలినడకయే వాని వాహనము. 1895లో ఆ నగరమున విద్యుచ్ఛక్తితో నడచు ట్రాములు వచ్చెను. చేత నాలుగు కాసులున్నవానికి దూరము తగ్గెను. లేనివానికి ట్రాము వీథిలో చూడదగిన వింతయయ్యెను. ఆ ట్రాములు 1953లో ఆగిపోయినవి.

1931లో సముద్రతీరపు స్టేషనునుండి తాంబరమువఱకు విద్యుద్రైలు నడచెను. అటుపిమ్మట 1937లో క్రైస్తవ కళాశాల పట్టణపు నడిబొడ్డు విడిచి తాంబరమునకు తరలెను. అనగా, బండి విద్యార్థిని కళాశాలకు చేర్చుటయే గాక, కళాశాలయే దారి వెంబడి పోవు కాలము వచ్చినదన్నమాట. అంతకు పూర్వమే, 1914లో, సముద్రతీరమున స్త్రీలకు ప్రత్యేక కళాశాల వెలసెను. అదియే పిదప రాణీమేరీ కళాశాల యని ప్రసిద్ధికెక్కెను.

అయినను దారి యొక్కటియే చాలునా? టంగుటూరి ప్రకాశము పంతులుగారి బాల్యము చూడుడు. తండ్రి పోయెను. తల్లి ఒంగోలున పూటకూళ్లయిల్లు నడపి పిల్లలను పోషించెను. ఇమ్మానేని హనుమంతరావునాయుడుగారను ఉపాధ్యాయుడు ఆ బాలుని చేరదీసి రాజమహేంద్రవరము తీసికొనిపోయెను. పిమ్మట న్యాయశాస్త్రమునకై చెన్నపట్టణము పంపుటకు తోడ్పడెను. ఆ బాలుడే 1946లో చెన్నరాష్ట్రమునకు ప్రధానమంత్రియు, 1953లో ఆంధ్రరాష్ట్రమునకు ప్రథమ ముఖ్యమంత్రియు నయ్యెను. పడవలు, రైళ్లు దూరమును తగ్గించినవి. కాని ఆ బాలుని గడప దాటించినది ఒక తల్లి చేతివంట, ఒక గురువు దయ.

దూరభార మెఱిగినవారు కనుకనే మనవారు తమ నేలమీద విశ్వవిద్యాలయము కోరిరి. హైదరాబాదున 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము వెలసెను. అచ్చట బోధనాభాష ఉర్దూ. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయము బెజవాడలో పుట్టి, పిమ్మట వాల్తేరు చేరెను.

ఇటీవల నేను చెన్నపట్టణమున చేపాకము స్టేషనులో రైలు దిగితిని. 1995లో ప్రారంభమైన ఆ యెత్తుదారి విశ్వవిద్యాలయపు చేరువనుండి పోవును. క్రిందికి చూడగా, దాని స్తంభములు ఆ పాత కాలువలోనే నాటబడియున్నవి. కూవము అడయారు నదులను కలుపు ఆ భాగమును 1877-78లో, ధాతకరవు నాడు, కూలికొఱకు వచ్చిన అన్నార్తులు త్రవ్విరి. వారు త్రవ్విన త్రోవమీదుగా నేడు విద్యార్థులు పుస్తకములు పట్టుకొని పోవుచున్నారు. ఆ సంగతి తలచి చాలసేపు అచ్చటనే నిలిచిపోతిని.

పెద్దలారా! నేడు వారములు లేవు. గదియద్దె యున్నది, భోజనశాల రుసు మున్నది. మీ గ్రామమున చదువగల బిడ్డ, ఆడుబిడ్డయైనను సరే, దారిఖర్చులేక నిలిచిపోవుచున్నదేమో ఒక్కమాఱు విచారింపుడు. త్రోవలు ప్రభుత్వము వేయును. పంపువారు మాత్రము ఊరిలోనే యుండవలెను.