జొన్న గట్క నుంచి రేషన్ బియ్యం దాకా

బరువు తగ్గాలంటే తిండి మార్చుకోవాలి, రోజూ నడవాలి అని డాక్టర్లు చెబుతున్నారు. సరైన మాటే. కానీ ఇల్లెందుకూ కొత్తగూడేనికీ నడుమ, పేరులోనే టేకుచెట్టును మోస్తున్న టేకులపల్లి గతం చూస్తే, ఇక్కడ ఒకప్పుడు తిండీ నడకా వేరువేరు సంగతులు కావు. ఒళ్లు వంచనిదే గింజ ఇంటికి రాలేదు, వచ్చిన గింజ ఊరికే ముద్దగా మారలేదు. ఇప్పటి స్థూలకాయానికి మనుషుల బద్ధకం కన్నా ఆ ముడి విడిపోవడమే పెద్ద కారణమని నా వాదన.

కోయగూడేల్లో పోడు కొట్టి జొన్న, కొర్ర, సామ చల్లేవారు. వరన్నం పండుగపూట మాట. మామూలు రోజుల్లో గట్క, అంబలి. రోటి దగ్గర, తిరగలి దగ్గర ఆడవాళ్ల భుజాలు పడ్డ శ్రమ ఏ జిమ్ముకూ తీసిపోదు. ఎండలు ముదురుతుంటే తెల్లారకముందే ఇప్పపూలు ఏరడానికి అడవికి నడక. ఆ తర్వాత తునికాకు. కోసిన ఆకును యాభై చొప్పున కట్టలు కట్టి కల్లానికి మోయాలి. బొగ్గు దొరికాక కూడా ఒంటి కష్టం తగ్గలేదు. 1871లో విలియం కింగ్ ఈ ప్రాంతంలో బొగ్గును గుర్తించాడు, ఇల్లెందుకు బొగ్గుట్ట అన్న పేరు పడింది. గనిలోకి దిగిన కూలీ తట్టాచెమ్మస్‌తో, అంటే గంపా పారతో, బొగ్గు ఎత్తి టబ్బులు నింపేవాడు.

ఆనాటి సన్నదనం ఆరోగ్యం కాదు, ఆకలి అని ఎవరైనా అంటే కాదనలేను. వానలు మొదలై పాత గింజలు అడుగంటాక అడవి గడ్డలు తవ్వుకోవడం, మామిడి టెంకలోని జీడితో అంబలి కాచుకోవడం ముచ్చటపడి చేసిన పనులు కావు. అందుకే 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన కిలో రెండు రూపాయల బియ్యాన్ని తప్పుపట్టేవాళ్లతో నేను ఏకీభవించను. పస్తులున్న ఇంటికి అది ప్రాణాధారం. చిక్కు ఎక్కడొచ్చిందంటే, బియ్యం వచ్చింది గానీ దాని పక్కన పప్పు, కూర ఆ మేరకు పెరగలేదు. జొన్న చేలలోకి పత్తి వచ్చింది, దంపుడు పని గిర్నీకి పోయింది. టేకులపల్లి మండలంలోనే ఉన్న కోయగూడెం ఓపెన్‌కాస్ట్‌లో బొగ్గును షావెళ్లు తవ్వాయి, డంపర్లు మోశాయి. ఒంటి కష్టం తగ్గినందుకు ఎవరూ విచారించనక్కర్లేదు. కంచంలో అన్నం కుప్ప మాత్రం కష్టం చేసిన నాటి కొలతలోనే ఉండిపోయింది.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో మహిళల్లో నూటికి 30 మంది అధిక బరువుతో ఉన్నారు. అదే రాష్ట్రంలో ఉండాల్సిన బరువు లేని ఆడవాళ్లూ ఉన్నారు. ఈ రెండింటికీ తిండిలో వైవిధ్యం లేకపోవడం ఒక ఉమ్మడి కారణం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో, మనకు అందే శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం మించకూడదంది. మనవాళ్లు 50 నుంచి 70 శాతం దాకా వాటి నుంచే తీసుకుంటున్నారంది. కాబట్టి అన్నం తగ్గించి పప్పు, ఆకుకూర పెంచమనడం పాత గట్కను భక్తితో తలచుకోమనడం కాదు. జొన్న తిన్నంత మాత్రాన ఎవరూ సన్నబడరు. అదీ కొలత మీరితే బరువే. వడి నడక లాంటి ఓ మోస్తరు శ్రమ విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది పెద్దవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాలు. పాత జీవితంలో అది ఒక్క రోజుకే తీరిపోయేది.

ఎవరి ఒంటికి వాళ్లే బాధ్యులు కదా అనేవారు ఉన్నారు. కొంతవరకు నిజమే, నడవాల్సిన కాళ్లు మనవే. అయితే కంచంలోకి ఏం వస్తుందన్నది ఇంటివాళ్ల ఇష్టం ఒక్కదాని మీదే ఆధారపడి లేదు. కూలీ కుటుంబం దుకాణంలో జొన్న కొనాలంటే డబ్బులు పెట్టాలి, బియ్యమైతే కార్డు మీద వస్తుంది. 2013 నాటి ఆహార భద్రతా చట్టంలో బియ్యం, గోధుమలతో పాటు ముతక ధాన్యాలకూ చోటుంది. చట్టం వచ్చినప్పుడు వాటికి రాసిన ధర కిలో ఒక రూపాయి. ఈ ఊళ్లలో కార్డు మీద ఇంటికి చేరుతున్నది మాత్రం బియ్యమే.