ఇంధన పంపు మార్పిడి (పికప్ ట్రక్కు)

పికప్ ట్రక్కులో పాడైన ఇంధన పంపును తీసి కొత్తది బిగించే పనిని ఇంధన పంపు మార్పిడి అంటారు. ట్యాంకులోని పెట్రోలును ఇంజిన్ దాకా తోసేది ఈ పంపే. అది ఆగిపోతే సెల్ఫ్ ఎంతసేపు తిరిగినా ఇంజిన్ అందుకోదు. బండి పనులు ఇంటి దగ్గరే చేసుకునే అలవాటు బాగా ఉన్న అమెరికాలో, యజమానులు సొంతంగా తలకెత్తుకునే పెద్ద మరమ్మతుల్లో ఇదొకటి. పంపు బిగించడం పెద్ద కష్టం కాదు, దాన్ని చేరుకోవడమే కష్టం. పంపు ట్యాంకు లోపల ఉంటుంది, ట్యాంకు చాసిస్ పక్కన వేలాడుతుంది, దానిమీద సరుకు తొట్టి కప్పి ఉంటుంది. ఈ వ్యాసంలోని వివరాలు ముఖ్యంగా 1999–2007 మధ్య వచ్చిన షెవ్రొలే సిల్వరాడో, దాని జంట బండి జీఎంసీ సియెరా పెట్రోల్ మోడళ్లకు చెందినవి. ఇతర పికప్‌ల తేడాలు అక్కడక్కడ ఉన్నాయి.

నేపథ్యం

కార్బురేటర్ల కాలంలో ఇంధన పంపు ఇంజిన్ పక్కనే ఉండేది. క్యామ్‌షాఫ్ట్ తిరుగుతూ ఒక మీటను నొక్కితే, లోపలి పల్చని పొర పైకీ కిందికీ ఆడుతూ ట్యాంకు నుంచి పెట్రోలును పీల్చేది. దాని ఒత్తిడి 4 నుంచి 7 పీఎస్ఐ. రెండు బోల్టులు విప్పితే చేతికొచ్చేది కాబట్టి అరగంటలో మార్చేవారు.

ఇంజెక్షన్ పద్ధతి రాకతో పరిస్థితి మారింది. జనరల్ మోటార్స్ పికప్‌లలో 1987లో వచ్చిన థ్రాటిల్ బాడీ ఇంజెక్షన్‌కు 9 నుంచి 13 పీఎస్ఐ చాలు. 1996లో వచ్చిన 5.7 లీటర్ల వోర్టెక్ ఇంజిన్‌కు 60 పీఎస్ఐ పైన కావాలి, అందులో కొద్దిగా తగ్గినా మొండికేస్తుంది. సిల్వరాడో 5.3 లీటర్ల వీ8కు నిర్ణయించిన ఒత్తిడి 55–62 పీఎస్ఐ. ఇంత ఒత్తిడికి విద్యుత్ పంపు తప్పనిసరి.

పంపును ట్యాంకులోనే ఉంచడానికి కారణాలున్నాయి. పెట్రోలును దూరం నుంచి పీల్చితే గొట్టంలో ఒత్తిడి తగ్గి, ఎండకు ఆవిరి బుడగలు కట్టి దారికి అడ్డం పడతాయి. వెనక నుంచి తోస్తే ఆ బెడద ఉండదు. రెండోది చల్లదనం. పెట్రోలు పంపు మోటారు మధ్యలోంచే ప్రవహిస్తూ దాని వేడిని లాగేస్తుంది. మోటారు బ్రష్షుల దగ్గర నిప్పురవ్వలు పుట్టినా ట్యాంకు అంటుకోదు. మునిగి ఉన్న చోట గాలి లేదు. పైన ఉన్న ఆవిరి, మండడానికి వీల్లేనంత చిక్కగా ఉంటుంది.

నిర్మాణం

బజారులో దొరికేది పంపు ఒక్కటే కాదు, మొత్తం మాడ్యూలు. ప్లాస్టిక్ గిన్నెలో పంపు, దాని అడుగున సాక్సులాంటి జల్లెడ, పక్కన పెట్రోల్ ముల్లును కదిలించే తేలుడు బుడ్డీ, పైన వైర్ల కనెక్టరు, గొట్టాల మూతులు ఉంటాయి. మూత కింద ఓరింగు, మీద మెలితిప్పి బిగించే ఇనుప వలయం. పంపు ఆగాక ఒత్తిడి వెనక్కి జారకుండా లోపల ఒక చెక్ వాల్వు ఉంటుంది. ఇది అరిగితే ఉదయం పూట సెల్ఫ్ చాలాసేపు కొట్టాల్సి వస్తుంది.

చెడిపోవడానికి కారణాలు

బ్రష్షులు అరగడం వయసుతో వచ్చేదే. దాన్ని తొందరపెట్టేవి మూడు. మొదటిది, ఎప్పుడూ ట్యాంకు అడుగంటేదాకా నడపడం. పెట్రోలు తక్కువగా ఉంటే వెనక్కి తిరిగొచ్చే వేడి పెట్రోలునే పంపు మళ్లీ మళ్లీ తోయాలి. రెండోది మట్టి, నీరు, తుప్పు. జల్లెడ మూసుకుపోతే పంపు ఊపిరాడనట్టు పనిచేస్తుంది. మూడోది కరెంటు. ట్యాంకు మీది కనెక్టరు వదులై వేడెక్కి కరిగినా, చాసిస్‌కు బిగించిన ఎర్త్ వైరు తుప్పుపట్టినా పంపుకు పూర్తి వోల్టేజి అందదు. మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లే రాష్ట్రాల్లో ఈ రకం ఎక్కువ.

నిర్ధారణ

పంపు మీద నేరం మోపే ముందు మిగతావాటిని విచారించాలి. ఇది పనిలో అతి ముఖ్యమైన భాగం, ఖర్చు లేని భాగం కూడా.

తాళం ‘ఆన్’ చేయగానే, సెల్ఫ్ కొట్టకముందే, కంప్యూటరు పంపును సుమారు రెండు సెకన్లు నడుపుతుంది. ఒకరు తాళం తిప్పుతుంటే మరొకరు పెట్రోలు పోసే మూత తీసి అక్కడ చెవి పెడితే సన్నని జుమ్మనే చప్పుడు వినిపించాలి. వినిపించకపోతే ఫ్యూజు చూడాలి. తర్వాత రిలే. ఫ్యూజు పెట్టెలో అదే రకం రిలే మరొకటి ఉంటే, ఉదాహరణకు హారన్‌ది, దాన్ని మార్చి పెట్టి చూడడం నిమిషం పని.

ఫోర్డ్ ఎఫ్-150లో ఇంకో మెలిక ఉంది. 1997–2008 మోడళ్లలో ముందు ప్రయాణికుడి కాళ్ల దగ్గర, పక్క పలక వెనక ఒక కుదుపు స్విచ్చు ఉంటుంది. ప్రమాదంలో బండి ఢీకొంటే పంపును ఆపేయడం దాని పని. గట్టి కుదుపుకు కూడా ఒక్కోసారి అది తెగుతుంది. మీది బొత్తాం నొక్కితే బండి మామూలుగా నడుస్తుంది. సిల్వరాడోలో ఇంజిన్ అందుకుని వెంటనే ఆగిపోతూ సెక్యూరిటీ దీపం వెలుగుతుంటే, దొంగతనం జరగకుండా పెట్టిన వ్యవస్థే పెట్రోలు కోసేస్తోందని అనుమానించాలి.

వీటన్నిటి తర్వాత ప్రెషర్ గేజి. ఇంజిన్ మీది ఇంధన పైపుకు సైకిల్ ట్యూబు వాల్వు లాంటి మొన ఉంటుంది. అక్కడ గేజి బిగించి తాళం తిప్పితే ముల్లు 55–62 మధ్య నిలవాలి. 40 దగ్గరే ఆగితే పంపు గాని, ఫిల్టరు గాని, రెగ్యులేటరు గాని దోషి. అసలు కదలకపోతే ట్యాంకు కనెక్టరు దగ్గర మీటరు పెట్టాలి. జీఎం వైరింగులో పంపుకు కరెంటు తెచ్చేది బూడిదరంగు వైరు, ఎర్త్ నల్లది. రెండు సెకన్ల పాటు అక్కడ బ్యాటరీ వోల్టేజి కనిపించి, ఎర్త్ కూడా బాగుండి, పంపు తిరగకపోతే తీర్పు ఖాయం.

కంప్యూటరు కోడ్‌లు కూడా ఆధారమే. పెట్రోలు చాలడం లేదని చెప్పే పీ0171, పీ0174, పంపు సర్క్యూట్ లోపం చెప్పే పీ0230 తరచుగా కనిపించేవి. కోడ్ అనుమానాన్నే చెబుతుంది, రుజువు గేజిదే.

పాత మెకానిక్కుల చిట్కా ఒకటుంది. ఒకరు సెల్ఫ్ కొడుతుంటే మరొకరు ట్యాంకు అడుగున రబ్బరు సుత్తితో తట్టడం. అరిగిన బ్రష్షులు ఆ అదురుకు మళ్లీ అంటుకుని పంపు తిరగొచ్చు. ఇది మరమ్మతు కాదు. బండిని ఇంటికి చేర్చుకోవడానికి దొరికిన గడువు, పంపే చెడిందనడానికి గట్టి సాక్ష్యం.

జాగ్రత్తలు

పెట్రోలు ఆవిరి మైనస్ 40 డిగ్రీల సెల్సియస్ చలిలోనూ అంటుకోగలదు. గాలి కన్నా బరువైనది కాబట్టి నేలబారున పాకుతూ దూరం పోతుంది. అమెరికా ఇళ్లలో గ్యాస్‌తో నడిచే నీళ్ల హీటరు తరచు గ్యారేజీలోనే ఉంటుంది, దానిలో చిన్న మంట ఎప్పుడూ వెలుగుతూ ఉండొచ్చు. అందుకే ఈ పని ఆరుబయటే చేయాలి. బ్యాటరీ నెగటివ్ తీగ ముందే విప్పాలి. వేడెక్కే బల్బు దీపం వాడకూడదు. ఇంధన మంటలకు పనికొచ్చే ఆర్పే సిలిండరు చేతికందేంత దూరంలో ఉండాలి. తీసిన పెట్రోలును దానికోసం చేసిన డబ్బాల్లోనే పట్టాలి.

బరువు మరో ప్రమాదం. 26 గ్యాలన్ల ట్యాంకు, అంటే 98 లీటర్లు, నిండుగా ఉంటే పెట్రోలు బరువే 70 కిలోలు దాటుతుంది. పైగా అది లోపల అటూఇటూ పొర్లుతుంది. పంపు మూలుగుతున్నప్పుడే ట్యాంకును పావు వంతుకు తగ్గించుకోవడం తెలివైన పని.

మార్చే విధానం

ముందుగా గేజి మొన దగ్గర గుడ్డ కప్పి లైనులోని ఒత్తిడి వదలాలి. ఆ తర్వాత రెండు దారులున్నాయి.

మొదటిది ట్యాంకు దించడం. బండి వెనక భాగాన్ని లేపి స్టాండ్ల మీద నిలిపి, ట్యాంకు కింద వెడల్పు చెక్క పెట్టిన జాకీ ఉంచి, పట్టీల బోల్టులు విప్పాలి. ఒక జానెడు దించాక ఆగి, పైన ఉన్న గొట్టాలు, కనెక్టరు విప్పి, ఆపై పూర్తిగా దించాలి. ఒక్కరే చేయగల దారి ఇది, కానీ ఎక్కువ భాగం బండి కింద పడుకుని చేయాలి.

రెండోది తొట్టి లేపడం. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు, పట్టీలు తుప్పుపట్టినప్పుడు ఇదే మేలు. మోడల్‌ను బట్టి ఆరు లేదా ఎనిమిది బోల్టులు తొట్టిని చాసిస్‌కు పట్టి ఉంచుతాయి. పెట్రోలు పోసే మూతి స్క్రూలు, వెనక లైట్ల వైరు, ఎర్త్ వైరు విప్పి, వెనక తలుపు తీసేస్తే బరువు తగ్గుతుంది. నలుగురు మనుషులు పట్టి తొట్టిని వెనక్కి జరిపితే పంపు ఎదురుగా కనిపిస్తుంది. పూర్తిగా తీయకుండా ఒక పక్క బోల్టులు విప్పి, రెండో పక్కవి వదులు చేసి, తొట్టిని ఓరగా లేపి దిమ్మలు పెట్టి పనిచేసేవారూ ఉన్నారు.

అక్కడి నుంచి రెండు దారులూ ఒకటే. పంపు చుట్టూ పేరుకున్న మట్టిని ముందే గాలితో ఊది, గుడ్డతో తుడవాలి. లేకపోతే అదంతా ట్యాంకులో పడుతుంది. గొట్టాల క్లిప్పులను లాగి విరగ్గొట్టకుండా, వాటికోసమే దొరికే చిన్న పనిముట్టుతో వదులు చేయాలి. బిగుసుకున్న వలయాన్ని ఇత్తడి కడ్డీ ఆనించి మెల్లగా తట్టి తిప్పాలి. ఇనుము మీద ఇనుము కొడితే నిప్పురవ్వ వస్తుంది, ఇత్తడితో ఆ భయం తక్కువ. మాడ్యూలును ఓరగా వంచి తీయాలి, తేలుడు బుడ్డీ చువ్వ అంచుకు తగిలి వంగితే పెట్రోల్ ముల్లు ఇక అబద్ధమే చెబుతుంది.

కొత్తది పెట్టేముందు ట్యాంకు అడుగు చూడాలి. మట్టి, తుప్పు ఉంటే శుభ్రం చేయాలి. పాత ఓరింగు మళ్లీ వాడకూడదు. కొత్త మాడ్యూలుతో వేరే ఆకారపు కనెక్టరు ఇస్తే, పాత వైర్లు కోసి రంగు కాదు స్థానం చూసి కలపాలి, వేడికి ముడుచుకునే గొట్టంతో కప్పాలి. చాసిస్‌కు బిగించిన ఫిల్టరు విడిగా ఉన్న తొలి ఏళ్ల మోడళ్లలో దాన్నీ అప్పుడే మార్చాలి.

బిగించాక

గొట్టాలు ‘టక్’మని కూర్చున్నాక ఒక్కోదాన్నీ వెనక్కి లాగి చూడాలి. తొట్టి మళ్లీ బిగించకముందే బ్యాటరీ కలిపి, సెల్ఫ్ కొట్టకుండా తాళాన్ని నాలుగైదుసార్లు ‘ఆన్’, ‘ఆఫ్’ చేస్తే లైన్లు నిండుతాయి. అప్పుడు కారుతోందేమో చూసి, గేజి చదివి, ఇంజిన్ నడపాలి. కొన్ని రోజుల తర్వాత పీ0442 లేదా పీ0455 కోడ్ వస్తే ఆవిరి ఎక్కడో లీకవుతోందని అర్థం. ఎక్కువగా ఓరింగు నలగడమో, ఏదో ఆవిరి గొట్టం మరిచిపోవడమో కారణమవుతుంది.

భారత పికప్‌లు

మన రోడ్ల మీద తిరిగే మహీంద్రా బొలెరో పికప్, ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు డీ-మ్యాక్స్ వంటివి ప్రధానంగా డీజిల్ బళ్లు. వాటి కామన్ రైల్ వ్యవస్థలో ఇంజిన్‌కు బిగించిన పంపు వెయ్యి బార్‌లకు పైగా ఒత్తిడి పుట్టిస్తుంది. ఆ ఒత్తిడితో చిమ్మిన డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోగలదు కాబట్టి ఆ పంపు ఇంటి దగ్గర విప్పేది కాదు. డీజిల్ బండి ఆగిపోయినప్పుడు డ్రైవర్లు ‘ఎయిర్ పట్టింది’ అనేది వేరే సంగతి. లైనులో చేరిన గాలిని ఫిల్టరు దగ్గరి చేతి పంపుతో తీసేస్తే బండి నడుస్తుంది. పెట్రోలుతో నడిచే టాటా ఏస్ గోల్డ్ వంటి చిన్న బళ్లకు మాత్రం పైన చెప్పిన పరీక్షల క్రమం వర్తిస్తుంది: ఫ్యూజు, రిలే, వోల్టేజి, ఒత్తిడి, ఆ తర్వాతే పంపు.