పొగ మానినవారి మెదడు

చుట్ట మానెదనని ఉదయమున ఒట్టు పెట్టుకొని, సాయంకాలమునకే అగ్గిపెట్టె వెదకుకొను పెద్దలు మన యిండ్లలో అరుదు కారు. వారిని చూచి మనము నవ్వుదుము. లేదా మనోబలము చాలదని మందలింతుము. ఈ తీర్పు న్యాయమైనదేనా? నూఱేండ్లకు మించి సాగిన శరీరశాస్త్ర పరిశోధన దీనికి సమాధానము చెప్పుచున్నది.

పొగాకు అమెరికా ఖండపు మొక్క. 1560 ప్రాంతమున లిస్బను నగరమున ఫ్రెంచి రాయబారిగానుండిన జాన్ నికో దానిని తన రాజాస్థానమునకు పంపెను. 1828లో హైడెల్‌బర్గునందు పోసెల్ట్, రైమాన్ అనువారు ఆ ఆకునుండి వేఱుచేసిన విషమునకు అతని పేరే నిలిచి నికొటిను అయినది. గుంటూరు సీమలో పండు ఆకునందున్నదియు ఇదియే.

ఈ విషము దేహమున ఎచ్చట పనిచేయును? కేంబ్రిడ్జిలో లాంగ్లీ ఈ ప్రశ్నను చేపట్టెను. 1889లో ఆయన డికిన్సనుతో కలిసి, నాడులు కూడు ముడులపై నికొటినును పూసినచో అచ్చట నాడీవార్త ముందునకు సాగక నిలిచిపోవునని చూపెను. 1905 నాటి ప్రయోగము మఱింత విలువైనది. కోడి కండరమునకు పోవు నాడిని కోసి, అది నశించిన పిమ్మట నికొటినును ఎక్కించినను కండరము ముడుచుకొనెను. బాణములకు పూయు కురారే అను విషము ఆ ముడుతను అణచెను. నాడి లేకున్నను నికొటిను పనిచేసినది గనుక, దానిని అందుకొను పదార్థము కండరమునందే ఉండవలెనని లాంగ్లీ తీర్మానించెను. నేడు గ్రాహకమని మనము పిలుచు దాని భావన ఇట్లు రూపుదిద్దుకొనెను.

అయితే ప్రకృతి ఈ గ్రాహకమును పొగాకు కొఱకు నిర్మింపలేదు. మన నాడులే పుట్టించు అసిటైల్‌కోలీను అను వార్తాహరుని కొఱకు అది ఏర్పడినది; నికొటిను మాఱుతాళముచెవి వంటిది. ఈ రెంటి చర్యలకుగల పోలికను 1914లో హెన్రీ డేల్ వివరించెను. 1970లో పారిసునందు షాంజ్యూయు, తైవాను శాస్త్రజ్ఞుడు లీయు, తోడి పరిశోధకులును కట్లపాము జాతి విషము సాయమున, విద్యుత్తు పుట్టించు చేపనుండి ఆ గ్రాహకమును గుర్తించి వేఱుచేసిరి.

ఇక మెదడు సంగతి. మందు ఎడతెగక తగులుచుండిన గ్రాహకములు తగ్గుట వాడుక. 1983లో ఎలుకలకు నికొటినును దినదినము ఇచ్చి చూచినవారికి అవి పెరిగి కనబడెను! 1988లో మృతులైన పొగత్రాగువారి మెదళ్ళను పరీక్షింపగా అచ్చటను పెరుగుదలయే కానవచ్చెను. నికొటిను నిత్యము తగులుటచే గ్రాహకములు మొద్దుబాఱును. సంఖ్యలో మాత్రము హెచ్చును. రక్తములోని నికొటిను సుమారు రెండు గంటలకు సగమగును. రాత్రి గడచునప్పటికి ఆ గ్రాహకములు చాలవఱకు ఖాళీయై మేల్కొనును. తెల్లవారగానే చేయి చుట్టకై సాగుట ఇందుచేతనే.

2006లో అమెరికా పరిశోధకులు సిగరెట్టునుండి ఒకటి రెండు పీల్పులకే మెదడులోని ముఖ్యమైన నికొటిను గ్రాహకములలో సగము మూడు గంటలపాటు నిండియుండుటను చూచిరి. “ఒక్క దమ్మే గదా” అనువారు దీనిని గుర్తుంచుకొనవలెను.

మానినవారి మాటయేమి? 2009లో ప్రకటింపబడిన యేల్ విశ్వవిద్యాలయ పరిశోధన, జీవించియున్నవారి మెదళ్ళనే చిత్రించి దీనికి బదులిచ్చెను. మానిన తొలి నెలలో గ్రాహకములు ఇంకను హెచ్చుగానే యుండెను. ఆఱు మొదలు పండ్రెండు వారములకు అవి పొగ యెఱుగనివారి స్థాయికి దిగివచ్చెను.

కావున మొదటి దినములలోని చిరాకు, నిద్రలేమి, ఏకాగ్రత లోపము దుర్బలుని సాకులు కావు. ఆకలిగొన్న గ్రాహకముల గోల. ఆ బాధ తొలి వారమున మిక్కుటమై, పెక్కుమందికి నెల నాటికి చాలవఱకు తగ్గును. భోజనానంతరము, కాఫీ వేళ మెదలు పాత జ్ఞాపకము మాత్రము మఱికొంతకాలము వేధింపవచ్చును. దానిని దాటుట మనస్సు పని.

కనుక ఇంటిలో ఒకరు పొగ మానుచున్నచో మనము ఎగతాళి మాని, వారికి మూడు నెలలు ఓర్పుతో తోడుపడుదము. ఆ వ్యవధిలో మెదడు తన పని తాను చక్కబెట్టుకొనును.