రాగిరంగు జుట్టు: వైద్య చరిత్ర నేర్పిన పాఠం, మనం చేయకూడని పొరపాట్లు

ఉత్తర ఐరోపా ప్రజలకు బంగారు రంగు జుట్టు వంశపారంపర్యంగా వచ్చేది. దానిని ఎలా కాపాడుకోవాలో చెప్పే సలహాలు ఎన్నో ఉన్నాయి. మన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాలలో మాత్రం నల్లని జుట్టుతో పుట్టిన బిడ్డకు ఏడాదో రెండేళ్ళో నిండాక జుట్టు రాగిరంగుకో, లేత పసుపుకో తిరిగితే దాని అర్థం వేరు. అది కేశ సంరక్షణకు సంబంధించిన విషయం కాకపోవచ్చు. బిడ్డ ప్రాణానికి సంబంధించినది కావచ్చు.

ఈ సంగతి వైద్యలోకానికి సులభంగా బోధపడలేదు. నేడు ఘనా అని పిలువబడే దేశంలో పనిచేసిన సిసిలీ విలియమ్స్ అనే వైద్యురాలు, కాళ్ళవాపు, చర్మం పొరలుగా ఊడిపోవడం వంటి లక్షణాలున్న పసిపిల్లలను గమనించి 1933లో ఒక వ్యాసం ప్రచురించారు. వారిలో ఎక్కువమంది తల్లిపాలు మాని మొక్కజొన్న జావపై బతుకుతున్నవారే. ఇది అప్పటికే తెలిసిన పెల్లాగ్రా వ్యాధేనని కొందరు ప్రముఖులు వాదించారు. ఆమె వెనుదీయక, 1935లో స్థానిక గా భాషలోని ‘క్వాషియోర్కర్’ అనే పేరును వైద్యశాస్త్రానికి పరిచయం చేశారు. తమ్ముడో చెల్లెలో పుట్టగానే తల్లిపాలకు దూరమైన పెద్దబిడ్డకు వచ్చే జబ్బు అని దాని భావం. జబ్బుకు కారణం ఆ తల్లులు పెట్టిన పేరులోనే ఉంది. మక్క గట్క తెలిసిన మన పల్లెలకు ఈ కథ పరాయిది కాదు. గట్కలో దోషం లేదు. పప్పు, పాలు, గుడ్డు తోడు లేకుండా పసిబిడ్డకు అదొక్కటే ఆహారం కావడంలోనే చిక్కు ఉన్నది.

ఈ వ్యాధిని అర్థం చేసుకోవడంలో మన హైదరాబాదుకూ పాత్ర ఉంది. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ ప్రారంభించిన చిన్న పరిశోధన విభాగం 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థగా పేరు మార్చుకుంది. అక్కడ డాక్టర్ సి. గోపాలన్, ఆయన సహచరులు ఒక ముఖ్యమైన విషయం చెప్పారు. లోపించేది మాంసకృత్తులు మాత్రమే కాదు, బిడ్డకు కడుపునిండా తిండే అందడం లేదని. ఆ సంస్థ రూపొందించిన ‘హైదరాబాద్ మిక్స్’ ఖరీదైన మందు కాదు. వేయించిన గోధుమలు 40 గ్రాములు, శనగపప్పు 16, వేరుశనగ 10, బెల్లం 20 గ్రాములు. మన వంటింటిలో దొరికేవే. 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం ద్వారా పౌష్టికాహార సేవ అంగన్‌వాడీలకు చేరింది. నేడు తెలంగాణ అంగన్‌వాడీలలో ఇచ్చే బాలామృతం, గుడ్లు ఆ దారిలోనివే.

జుట్టుకు నలుపునిచ్చేది మెలనిన్. దాని తయారీకి మాంసకృత్తులలోని టైరోసిన్ అవసరం. పోషణ కొరవడిన కాలంలో పెరిగిన వెంట్రుక లేతరంగుతో, పలుచగా, పట్టుకుంటే ఊడివచ్చేలా ఉంటుంది. తిండి సరిపడినప్పుడు పెరిగిన భాగం మళ్ళీ నల్లగా వస్తుంది. అందువలన ఒకే వెంట్రుకపై నల్లని, లేత పట్టీలు ఏర్పడతాయి. వైద్యులు దీనిని ‘జెండా గుర్తు’ అంటారు. వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది గనుక, పట్టీ పొడవును బట్టి ఆ బిడ్డ ఎన్ని నెలలు పస్తులున్నాడో ఇంచుమించుగా చెప్పవచ్చు.

ఇక మనం చేయకూడని పొరపాట్లు.

మొదటిది, దొరబిడ్డలా ఉన్నాడని మురిసిపోవడం. రెండవది, నూనెలతో, గోరింటాకుతో, రంగుతో ఆ రంగును కప్పివేయడం. పసిపిల్లల తలకు రంగు ఎన్నడూ వేయరాదు. మూడవది, గుండు చేయిస్తే నల్లగా వస్తుందనుకోవడం. గుండు మొక్కు తీరుస్తుంది గాని పోషణ తీర్చదు. పైగా వైద్యునికి కనిపించవలసిన ఆనవాలు పోతుంది. నాలుగవది అన్నిటికన్నా ప్రమాదకరం: నీరుపట్టి ఉబ్బిన బుగ్గలను, పాదాలను చూసి బిడ్డ ఒళ్ళు చేశాడనుకోవడం. పాదం పైభాగాన్ని బొటనవేలితో కొద్ది క్షణాలు నొక్కి వదలండి. గుంట నిలిచిపోతే ఆ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. అయిదవది, జబ్బుపడ్డ బిడ్డకు వేడి చేస్తుందని గుడ్డు, పప్పు మాన్పించి గంజితో సరిపెట్టడం. ఆరవది, బాగా చిక్కిన బిడ్డకు ఒక్కసారిగా బలమైన తిండి కుక్కడం, ఇనుము టానిక్కులు తాగించడం. తీవ్ర లోపంలో ఇవి ప్రాణాపాయం తెస్తాయి. అటువంటి బిడ్డకు వైద్యుల పర్యవేక్షణలో కొద్దికొద్దిగా, మాటిమాటికి ఆహారం ఇవ్వాలి.

అయితే లేతరంగు జుట్టంతా ఆకలి గుర్తు కాదు. ఎండకు జుట్టు కొంత వెలవెలబోతుంది. పుట్టుకతోనే జుట్టు, చర్మం తెల్లగా ఉంటే వర్ణహీనత కావచ్చు. కొన్ని అరుదైన పుట్టుకతో వచ్చే జబ్బులలోనూ జుట్టు లేతగా ఉంటుంది. అందుకే రంగొక్కటే చూసి తీర్పు చెప్పరాదు. బరువు, ఎత్తు, వాపు, దండచేయి చుట్టుకొలత కూడా చూడాలి. ఆరు నెలలనుండి అయిదేళ్ళలోపు బిడ్డ దండచేయి చుట్టుకొలత 11.5 సెంటీమీటర్లకన్న తక్కువ ఉంటే అది తీవ్రమైన లోపం. ఆ కొలత తీసే టేపు అంగన్‌వాడీలో ఉంటుంది, అడగండి.

ఈ విషయంలో తల్లులను నిందించడం తగదు. కూలికి పొద్దున్నే పోయే తల్లికి, వరుస కాన్పుల తల్లికి, బిడ్డను అవ్వ దగ్గర వదిలి వలసపోయే తల్లికి తీరిక ఎక్కడిది? రెండవ బిడ్డ వచ్చాక మొదటి బిడ్డ పళ్ళెంలో ఏముందో చూడవలసినది ఇల్లంతా, ఊరంతా. బిడ్డకు సరైన తిండి అందితే కొన్ని నెలలలో కుదుళ్ళనుండి జుట్టు నల్లగా వస్తుంది. చివర్లు కొంతకాలం ఎర్రగానే ఉంటాయి, దానికి దిగులు వద్దు. కుదురు నల్లబడిందంటే బిడ్డ కోలుకుంటున్నాడని అర్థం.