శీతకాల వాతావరణ వక్రీభవనం: పుదుచ్చేరిలో భూ సర్వే

గాలి పొరల సాంద్రతలో తేడా వల్ల చూపురేఖ వంగడమే వాతావరణ వక్రీభవనం. భూ సర్వేలో ఇది ఎత్తులను, కోణాలను, కొంతమేర దూరాలను తప్పుగా చూపిస్తుంది. బంగాళాఖాతం ఒడ్డున చదునుగా ఉన్న పుదుచ్చేరిలో, ఈశాన్య రుతుపవనాలు తగ్గాక వచ్చే జనవరి, ఫిబ్రవరి వేకువల్లో ఇందుకు అనువైన పరిస్థితులు ఏర్పడతాయి.

కారణం

మబ్బు పట్టని, గాలి కదలని రాత్రుల్లో నేల త్వరగా చల్లారుతుంది. దాన్ని ఆనుకున్న గాలి చల్లబడి చిక్కబడుతుంది; పై గాలి వెచ్చగా ఉంటుంది. కాంతి చిక్కని గాలి వైపు, అంటే కిందికి వంగుతుంది. దాంతో దూరపు గురి ఉన్నచోటు కన్నా పైకి కనిపిస్తుంది. ఎండెక్కి నేల కాగాక పరిస్థితి తారుమారవుతుంది.

ఎత్తులు

సర్వే పాఠ్యపుస్తకాలు వక్రీభవనాన్ని భూవక్రతలో ఏడో వంతుగా లెక్కిస్తాయి. కిలోమీటరు దూరంలో భూవక్రత 78.5 మి.మీ., వక్రీభవనం 11.2 మి.మీ., నికర సవరణ 67.3 మి.మీ. ఇది సగటు వాతావరణానికే వర్తిస్తుంది. గాలి 22 డిగ్రీల సెల్సియస్ ఉండి, పైకి వెళ్లేకొద్దీ మీటరుకు 0.1 డిగ్రీ వేడెక్కుతుంటే వక్రీభవన గుణకం (భూవక్రతలో వక్రీభవనం ఎంత వంతో చెప్పే సంఖ్య) 0.14 నుంచి 0.8 దాపుకు చేరుతుంది. అప్పుడు మామూలు సవరణతో లెక్కించిన ఎత్తు కిలోమీటరు దూరంలో సుమారు 5 సెం.మీ. తప్పుతుంది.

దూరాలు, కోణాలు

కోణాలు, దూరాలు కొలిచే టోటల్ స్టేషన్‌లో ఉష్ణోగ్రతను ఒక డిగ్రీ తప్పుగా ఇస్తే దూరం కిలోమీటరుకు దాదాపు 1 మి.మీ. తేడా వస్తుంది. ఉదయం పెట్టిన 22 డిగ్రీలను 30 డిగ్రీల మధ్యాహ్నం దాకా మార్చకపోతే తేడా 8 మి.మీ. అవుతుంది. తీరం వెంట ఒకవైపు వెచ్చని సముద్రం, మరోవైపు చల్లారిన నేల ఉన్నప్పుడు చూపురేఖ పక్కకూ వంగవచ్చు. ఎండకు కాగిన గోడల పక్కనా అంతే.

చరిత్ర

శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటడం చూడటానికి 1768లో పుదుచ్చేరి చేరిన ఫ్రెంచి ఖగోళవేత్త గియోమ్ లె జాంటీకి 1769 జూన్‌లో మబ్బులు అడ్డొచ్చాయి. అక్కడున్న కాలంలో ఆయన వాతావరణ వక్రీభవనాన్నీ పరిశీలించాడు. 1802 ఏప్రిల్‌లో బ్రిటిష్ సర్వేయరు విలియం లాంబ్టన్ మద్రాసు దగ్గర సెయింట్ థామస్ మౌంట్ వద్ద ఆధారరేఖ కొలవడం మొదలుపెట్టి, ఆ తర్వాత త్రిభుజాల గొలుసును పుదుచ్చేరికి దక్షిణాన కడలూరు ప్రాంతం దాకా నడిపించాడు. ఆయన తర్వాత ఆ సర్వేను నడిపిన జార్జ్ ఎవరెస్ట్ వక్రీభవన లోపాన్నే ఉపాయంగా మలచుకున్నాడు. పగలు కనిపించని దూరపు కేంద్రాలు రాత్రి పెరిగిన వక్రీభవనం వల్ల పైకి తేలి కనిపిస్తాయి కాబట్టి, అక్కడ దీపాలు పెట్టించి రాత్రివేళ కోణాలు కొలిపించాడు.

జాగ్రత్తలు

లెవెలింగ్‌లో బ్యాక్‌సైట్, ఫోర్‌సైట్ దూరాలు సమానంగా ఉంచాలి. అయితే ఏటవాలు నేలపై దోషం పూర్తిగా పోదు. చూపురేఖ నేలను రాసుకుంటూ పోకూడదు. నిలువు కోణాలను రెండు చివరల నుంచి ఒకేసారి కొలిస్తే దోషం చాలావరకు రద్దవుతుంది. ఒకే చివర నుంచి కొలవాల్సి వస్తే, వక్రీభవనం తక్కువగా, నిలకడగా ఉండే మధ్యాహ్నం మేలు. మామూలు సర్వే పరికరం ఎంత ఖరీదైనదైనా దారి పొడవునా ఉన్న గాలిని కొలవలేదు. అందుకే ఫీల్డ్ బుక్‌లో ప్రతి రీడింగు పక్కన వేళ, ఉష్ణోగ్రత, ఆకాశ స్థితి రాసి ఉంచాలి.