గుజ్జు డ్రమ్ముల వెంట వెళ్లిన కాగితం

చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో ఎగుమతి కాగితాలు చూసినవాణ్ణి. జూన్, జూలై నెలల్లో తోతాపురి లోడ్లు బంగారుపాళెం దాకా రోడ్డు పొడవునా బారులు తీరేవి. కాయ గుజ్జయ్యాక డ్రమ్ముల్లోని క్రిమిరహిత (అసెప్టిక్) సంచుల్లోకి చేరేది. డ్రమ్ముకు 215 కిలోలు, ఇరవై అడుగుల కంటైనర్‌కు 80 డ్రమ్ములు. రాణిపేట మీదుగా మద్రాసు హార్బరుకు సరుకు చేరేలోపే కాగితం సిద్ధంగా ఉండాలి.

ఆ కాగితమే షిప్పింగ్ బిల్. 1962 కస్టమ్స్ చట్టం 50వ సెక్షన్ కింద అది దాఖలు కానిదే సరుకు ఓడెక్కదు. కంప్యూటర్లు రాకముందు మామూలు సరుకుకు తెల్ల కాగితం, కట్టిన సుంకం వాపసు (డ్రాబ్యాక్) కోరితే ఆకుపచ్చది. కార్బన్లు పెట్టి టైపు కొట్టేవాళ్లం. డ్రమ్ముల లెక్క, నికర బరువు, మొత్తం బరువు, విలువ, అన్నీ ఇన్వాయిస్‌తో అంకెకు అంకె సరిపోవాలి. రాజాజీ సాలైలోని కస్టమ్స్ హౌస్‌లో మా కస్టమ్స్ ఏజెంటు గుమాస్తా దాన్ని టేబులు టేబులుకూ తిప్పేవాడు. ఏజెంటు ఫీజు, పనివేళలు దాటాక అధికారి రావలసివస్తే ఓవర్‌టైం ఫీజు. రెండూ తెలిసిన ఖర్చులే, ధర చెప్పేటప్పుడే కలుపుకునేవాళ్లం.

తర్వాత దాఖలు ఆన్‌లైన్ అయింది. కాగితం తగ్గింది, ఫీజులు పెరిగాయి. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత అమెరికా, సరుకు ఓడెక్కడానికి 24 గంటల ముందే వివరాలు పంపాలని 2002 డిసెంబరులో నిబంధన పెట్టింది. యూరప్ 2011లో, జపాన్ 2014లో అదే దారి పట్టాయి. వివరాలు పంపేది షిప్పింగ్ లైను, బిల్లు మాత్రం మనకు. ఒక్కో బిల్ ఆఫ్ లేడింగ్‌కు (ఓడ సరుకు రసీదు, బి.ఎల్.) పాతిక, ముప్పై డాలర్లు. ఒక బి.ఎల్. మీద పది కంటైనర్లున్నా అంతే, ఒక్కటున్నా అంతే, కాబట్టి దెబ్బంతా చిన్న ఫ్యాక్టరీకే. ఒకసారి రోటర్‌డామ్ సరుకుకు కొనుగోలుదారు ఆఖరి నిమిషంలో సరుకు అందుకునేవారి (కన్‌సైనీ) పేరు మార్చాడు. దిద్దుబాటు ఫీజు మా మీద పడింది.

ఈ ఫీజులతో వేగుతూ, ఆంధ్ర తీరంలోని మోటుపల్లి రేవులో కాకతీయ గణపతిదేవుడు 1244-45లో వేయించిన అభయ శాసనం గురించి చదివినప్పుడు మనసు కలుక్కుమంది. తుఫానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును రాజులు లాగేసుకునే పాత అలవాటును ఆయన మానిపించాడు. ఎగుమతి, దిగుమతులపై సుంకం ముప్పైలో ఒక వంతని రాతి మీద చెక్కించాడు. గంధానికి, కర్పూరానికి, ముత్యాలకు రేట్లు విడిగా రాయించాడు. 1358లో రెడ్డిరాజు అనపోతారెడ్డి మళ్లీ అక్కడే వర్తకులకు అభయమిచ్చాడు. ఎక్కడినుంచి వచ్చిన వర్తకుడైనా తాను కట్టవలసింది ఎంతో ముందే తెలుసుకోగలిగాడు.

నేను అడిగేదీ అంతే. సరుకు వివరాల ఫైలింగ్ ఫీజును షిప్పింగ్ లైన్లు సీజన్‌కు ముందే ప్రకటించాలి, సీజన్ అయ్యేదాకా మార్చకూడదు. మేం ధర మే నెలలో కుదుర్చుకుంటాం, ఓడ ఆగస్టులో కదులుతుంది. నడుమ పెరిగిన డాలర్లు మరుసటి ఏడు ఫ్యాక్టరీ గేటు దగ్గర రైతుకిచ్చే రేటులోనే కోతపడతాయి.